గ్యాసా, గుండెపోటా?

మన బళ్లారి పల్లెల్లో ఎవరికైనా తెల్లవారుజామున ఛాతీ పట్టేస్తే, ముందు వినిపించే మాట "గ్యాసయ్యుంటుందిలే" అని. వాము నమిలి, సోడా తాగి, తెల్లవారేదాకా చూస్తారు. అక్కడే వస్తుంది ముప్పు.

గుండె కండరానికి రక్తమందించే నాళాల గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఆ పూడిక చిట్లిన చోట రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. ఇక అరగంట అటూ ఇటుగా కండరం చావడం మొదలవుతుంది. నొప్పి ఎడమచేతికో, దవడకో పాకవచ్చు, చెమటలు పోయవచ్చు. మధుమేహం ఉన్నవారికి ఒట్టి ఆయాసమే రావచ్చు. ఏది ఏమిటో ఇంట్లో తేలదు. ఇ.సి.జి. తీసి డాక్టరే తేల్చాలి.

వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ నంబరు కర్ణాటకలోనూ, ఆంధ్రలోనూ ఒకటే. కారు మాట్లాడుకొని నేరుగా 300 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు బయలుదేరకండి. ముందు దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. గడ్డను కరిగించే ఇంజెక్షను 12 గంటలలోపు ఇవ్వాలి. మొదటి రెండు మూడు గంటల్లో పడితే మేలు ఎక్కువ.

బీడీ మానేస్తే ఏడాదికల్లా అదనపు ముప్పు సగానికి తగ్గుతుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదు. ఊరగాయ లేని ముద్ద మనకు దిగదు, నాకూ అంతే. కనీసం నంజుకునేది తగ్గించండి. ఇంకొక మాట. బి.పి. తగ్గిందని చాలామంది మాత్రలు మానేస్తున్నారు. అది తగ్గింది ఆ మాత్రల వల్లనే.