ఇంటిలో ఈత

మా ఊరు గోదావరి డెల్టాలోనిది. పెరటి గుమ్మము దాటి నాలుగు అడుగులు వేసినచో కాలువరేవు. ధవళేశ్వరము వద్ద కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట ఆ సీమకు నీరందించిన కాలువలలో అదియొకటి. నాకు ఈత నేర్పినది మా అక్కయ్య. నా నడుమునకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, గడ్డము క్రింద చేయి ఆనించి, "కాళ్లు ఆడించరా!" అని కేకలు వేయుచు ఈ గట్టునుండి ఆ గట్టునకు చేర్చినది.

ఆ అక్కయ్యకు ఇప్పుడు అరువది యేండ్లు దగ్గరపడినవి. కాపురము పట్టణములో, మేడమీది వాటాలో. మోకాళ్లు అరిగినవని వైద్యులు పరీక్షించి చెప్పి, ఈత కొట్టగలిగినచో మేలని సలహా ఇచ్చిరి. అక్కయ్య ఇంటికి వచ్చి నవ్వినది. "ఒరే తమ్ముడూ, కాలువ అక్కడ, నేనిక్కడ. ఇంక ఈత ఏమిటిరా?" అన్నది. ఈతకొలను ఒకటి ఉన్నది గాని అది ఊరికి ఆ చివర. స్త్రీలకు కేటాయించిన వేళయో, సరిగా వంటవేళ. ఆనాటినుండి ఆమె ఉన్న నడకను గూడ మానినది. ఆరు నెలలు గడచునప్పటికి మెట్లు దిగుట మానినది. గుడికి పోవుటయు మానినది.

ఈత లేదు గనుక ఇక ఏదియు లేదనుకొనుటయే ఇందలి పొరపాటు. ఇతరులనేల అనవలెను? ఉద్యోగమునకై నగరమునకు వచ్చిన తరువాత, కాలువ లేని చోట వ్యాయామమేమిటని పదియేండ్లు కదలక కూర్చున్నవాడను నేను. అక్కయ్య స్థితి చూచిన పిదపనే, అసలు నీరు మనకు చేయు ఉపకారమేమిటని ఆలోచించితిని.

నీరు మూడు పనులు చేయును. మొదటిది మోయుట. మెడలోతు నీటిలో నిలిచినవారి కాళ్లపై శరీరభారములో సుమారు పదవవంతు మాత్రమే పడును; నడుములోతులో ఇంచుమించు సగము. గట్టుమీద మొరాయించు మోకాలు నీటిలో హాయిగా కదలుట ఇందుచేతనే. రెండవది అడ్డగించుట. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. చేయి ఎటు త్రోసినను ఎదురు నిలుచును గనుక భుజములకు, వీపునకు, తొడలకు ఒకేసారి పని తగులును. మూడవది ఊపిరిని తాళములో నడిపించుట. ముఖము నీటిపైకి వచ్చినపుడే గాలి పీల్చవలెను గదా!

ఈ మూడింటిని ఒక్కసారిగా చేయు సాధనము మన ఇండ్లలో లేదు. విడదీసి చూచినచో, ఒక్కొక్కదానికి తగినది మాత్రము ఉన్నది.

మోయుటకు మంచమును, కుర్చీయును చాలును. వెల్లకిల పండుకొని, ఒక మోకాలు మడిచి, రెండవ కాలు చాచి, తొడ బిగించి, జానెడు ఎత్తు లేపి, అయిదు లెక్కించి దింపవలెను. ఒక్కొక్క కాలికి పదిమార్లు. తరువాత చేతుల కుర్చీని గోడకు ఆనించి, అందులోనుండి లేచుట, మెల్లగా కూర్చుండుట. మొదట చేతుల ఊత తీసికొనవచ్చును. బలము వచ్చినకొలది ఆ ఊత తగ్గించుకొనవలెను. మోకాలికి తొడకండరమే రక్ష. మోకాళ్లు బాగున్న యువకులకు దండీలు, బస్కీలు ఉండనే ఉన్నవి. వేసవిలో కాలువ కట్టివేసినపుడు మా ఊరి కుర్రవారు చేసినవి అవియే.

అయితే దండీలలో త్రోయుట ఉన్నది గాని, లాగుట లేదు. ఈత వీపును బలపరచునది లాగుటవలననే. పగుళ్లు లేని పాత సైకిలు ట్యూబును ఒకచోట తెగకోసి, గట్టి కిటికీ ఊచకు చుట్టి, రెండు కొనలు పట్టుకొని, చేతులను ముందునుండి తొడల ప్రక్కకు లాగవలెను. పిదప బోరగిల పండుకొని, పొట్టక్రింద పలుచని దిండు ఉంచుకొని, కుడిచేయి, ఎడమకాలు కలిపి బెత్తెడు ఎత్తు లేపవలెను. తరువాత ఎడమచేయి, కుడికాలు. నీటిలో చేసినదే ఇక్కడ చాపమీద చేయుచున్నాము.

ఇక ఊపిరి. దీనికి మీ ఇంటి రేడియోయే సాయపడగలదు. పాత సినిమాపాట సుమారు మూడు నిమిషములు సాగును. ఒక పాట సాగునంతసేపు నిలిచినచోటనే చేతులు ఊపుచు అడుగులు వేయుడు. తరువాతి పాటకు వేగము తగ్గించుడు. నిలువలేనివారు కుర్చీలో కూర్చుండి పాదములు ఎత్తి దింపవచ్చును. పరిమితి తెలిసికొనుట సులభము: ప్రక్కవారితో మాటలాడగలుగవలెను, రేడియోతో కలిసి పాడగలుగరాదు. పాడగలిగినచో వేగము చాలలేదు; మాట రానిచో ఎక్కువైనది.

పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల ఇట్టి శ్రమయు, రెండు దినములు కండరములకు పనియు ఉండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. దినమునకు అరగంట వంతున అయిదు దినములు చాలును. ఆ అరగంటను మూడు ముక్కలు చేసికొన్నను దోషము లేదు. రక్తపుపోటు గలవారు బరువు లాగునపుడు ఊపిరి బిగబట్టరాదు. ఛాతీలో నొప్పి గాని, తల తిరుగుట గాని కలిగినచో వెంటనే ఆపి వైద్యుని చూడవలెను. మోకాలి నొప్పి మరునాటికిని తగ్గనిచో, మరునాడు సగమే చేయవలెను.

ఇవి ఈతకు సరిసమానములని నేననను. నీటిలో తేలునపుడు కలుగు హాయి చాపమీద లభింపదు. నీటిలో పడిన బిడ్డను ఈ వ్యాయామము కాపాడదు. పిల్లలకు ఈత నేర్పవలసినదే.

అక్కయ్య మాఘమాసములో ఆరంభించినది. మొదటి వారము కుర్చీలోనుండి నాలుగుమార్లు లేచుటకే విసిగి నన్ను తిట్టినది. వైశాఖమునకు మెట్లకమ్మి పట్టుకొని డాబామీదికి పోయి వడియాలు పెట్టివచ్చినది. చలి ఉదయములలో మోకాళ్లు ఇప్పటికిని బిగిసికొనును. అయినను, "ఈసారి ఊరికి పోయినపుడు రేవులో దిగుదామట్రా?" అని అడిగినది.

ఈ ప్రసంగము ముగిసిన తరువాత పాటలు వచ్చును. మొదటి పాటకు కుర్చీలోనుండి లేవవలసినదని శ్రోతలకు నా మనవి.