మలివయసు వలపు

మా కంకిపాడు చుట్టుపట్ల, బిడ్డలందఱు అమెరికాలోను, తల్లి యొక్కతె ఇంటిలోను ఉన్న లోగిళ్ళు పెక్కు గలవు. ఆమెకు కూడు, మందు, ఫోను ఉన్న చాలు నని మన మనుకొందుము. తోడు కావలె నని ఆమె యన్నచో?

2014లో కొరియావారు "మిస్ గ్రానీ" చిత్రమును తీసిరి. నందినీరెడ్డిగారు 2019లో దానిని "ఓ! బేబీ"గా తెలుగు చేసిరి. వృద్ధ వితంతువు మరల పడుచుపిల్ల యగును, పాటలు పాడును. వినోదమునకు లోటులేదు. కాని ఒక యువకుడు ఆమెను వలచుటకు ఆ పడుచుదనమే కావలసివచ్చినది! మాకు రుచింపని దిదియే. బాల్యము నుండి ఆమెను ఆరాధించిన ముసలి చంటి (రాజేంద్రప్రసాదుగారు) మాకు మిన్నగా తోచినాడు.

2018లో వెంకటేశ్ మహాగారు తీసిన "కేరాఫ్ కంచరపాలెం"లో అట్టి మాయ లేదు. నటించినవారు చాలవఱకు విశాఖలోని ఆ పేట వారే. రాజు నలుబదితొమ్మిదేండ్ల అటెండరు, అవివాహితుడు. రాధ అతని పైయధికారిణి, భర్తను కోల్పోయినది, ఎదిగిన కూతురు గలది. వారి మాటలలో సిగ్గున్నది, హాస్యమున్నది. జాలి మాత్రము లేదు.

ఆ చిత్రము మాయింట చూచితిమి. ముప్పదియేండ్ల క్రిందట భర్త పోయిన మా మేనత్త, అయిపోయిన పిదప, "ఆవిడ చేసిన తప్పేమిట్రా?" అని యడిగినది. మేము బదులు చెప్పలేకపోతిమి.