సముద్రపుటొడ్డున ఒక ఊరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కదా, వంతెనల గురించో సిమెంటు గురించో మాట్లాడతాననుకుని ఉంటారు. ఈరోజు ఒక ఊరి గురించి చెబుతాను. ఇంగ్లండ్‌లో డెవన్ తీరాన టిన్‌మత్ అనే చిన్న ఊరుంది. జనాభా సుమారు 15 వేలు. వేసవిలో సందర్శకులతో కళకళలాడుతుంది. చలికాలం వస్తే కుర్రాళ్లకు పొద్దుపోదు.

ఆ ఊరికి రైలుమార్గం వేసిన ఇంజనీరు బ్రూనెల్. పట్టాల మధ్య గొట్టం అమర్చి, అందులోని గాలి తోడేసి, బయటి గాలి ఒత్తిడితోనే రైలు నడపాలనుకున్నాడు. 1847లో ఎక్సెటర్ నుంచి టిన్‌మత్ దాకా అలా నడిపించాడు కూడా. గొట్టం మీది తోలు మూత పాడైపోతూ ఉండటంతో 1848లో ఆపేశారు. ఆ పద్ధతి పోయింది గానీ, సముద్రం అంచున వేసిన దారి మిగిలింది. ఇప్పటికీ రైళ్లు దానిమీదే తిరుగుతున్నాయి.

మ్యూజ్ అనే రాక్ బ్యాండ్ పెరిగింది ఆ ఊళ్లోనే. మాథ్యూ బెల్లమీ, డొమినిక్ హోవర్డ్, క్రిస్ వోల్‌స్టెన్‌హోమ్ ముగ్గురూ వేరే ఊళ్లలో పుట్టి, చిన్నప్పుడు అక్కడికి వచ్చినవాళ్లే. క్రిస్ మొదట డ్రమ్స్ వాయించేవాడు. వీళ్లకు బేస్ గిటార్ వాయించే మనిషి కావాలంటే అది పట్టుకున్నాడు. 1994లో వేరే పేరుతో ఒక స్థానిక పోటీకి వెళ్లారు. గెలుస్తామన్న ఆశ లేదు. వేదిక మీద సామాను కూడా విరగ్గొట్టారు. బహుమతి మాత్రం వాళ్లకే వచ్చింది. 2007లో వెంబ్లీ స్టేడియంలో రెండు రాత్రులు వాయించారు. 2009 సెప్టెంబరులో సొంత ఊరికి తిరిగొచ్చి, సముద్రం పక్కనున్న డెన్ మైదానంలో మరో రెండు రాత్రులు వాయించారు.

సామాను విరగ్గొట్టమని పిల్లలకు చెప్పడం లేదు, హెడ్మాస్టరుగారు కంగారుపడవద్దు. నా మాట పెద్దలకు. గెలుపు మీద ఆశ లేని పిల్లలకు కూడా ఆ పోటీలో చోటు దొరికింది. మన పిల్లలు చదువు కాగానే ఊరు వదులుతున్నారు. నేనూ వదిలినవాణ్ణే, వెళ్లడం తప్పు కాదు. ఇక్కడున్నన్నాళ్లూ మార్కుల లెక్క లేకుండా నచ్చిన పని చేసి చూసే చోటు వాళ్లకు లేకపోవడమే నా బాధ.

స్వర్ణోత్సవ నిధితో స్వాగత ద్వారం కట్టాలన్న ప్రతిపాదన ఉంది. దాని డిజైను ఉచితంగా చేసిస్తానన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. కాకపోతే ముందు మన పాత డ్రాయింగు గది కప్పు బాగుచేయిద్దాం. ఒక హార్మోనియం, తబలా, డప్పులు, గిటారు పెడదాం. రోజూ సాయంత్రం 5 నుంచి 7 దాకా తెరిచి ఉంచుదాం. ఏడాదికో పోటీ పెడదాం. మరమ్మతు అంచనా నేను వేసిస్తాను, పని దగ్గరుండి చేయిస్తాను.

సాయంత్రం సర్వసభ్య సమావేశంలో ఈ విషయం మీ ముందుకు వస్తుంది. చెయ్యెత్తే ముందు ఈ పిల్లల వైపు ఒక్కసారి చూడండి.

సెలవు.