గడియారపు ముల్లును పట్టుకొన్న మనిషి

కండ్లజోడు ధరించిన యువకుడొకడు ఎత్తయిన మేడ గోడపై గడియారపు ముల్లును పట్టుకొని వ్రేలాడుచుండును. వాని బరువునకు గడియారపు ఫలకము ఊడి ముందునకు వంగును. కాళ్లకు ఎంతో దిగువన మోటారుకార్లు చీమలబారువలె ప్రాకుచుండును. 1923లో వెలువడిన ‘సేఫ్టీ లాస్ట్’ అను అమెరికా మూకీ చిత్రములోని దృశ్యమిది. నటుడు హెరాల్డ్ లాయిడ్. చిత్రమును చూడనివారిలో కూడ పలువురు ఈ ఒక్క బొమ్మను ఎక్కడనో చూచియుందురు.

దీనిని చూచినప్పుడెల్ల మా అరచేతులు చెమర్చును. జరిగినది తెలిసియు చెమర్చును! ఆ జరిగినదేమో నేడు ముచ్చటింపదలచితిమి.

లాస్ ఏంజెలీస్ నగరములో ఒక నిజమైన మేడను ఎన్నుకొని, దాని పైకప్పుమీద, అంచునకు చేరువగా, గడియారముతో కూడిన గోడభాగమును మాత్రము కట్టిరి. దాని కెదురుగా కెమేరాను ఎత్తున నిలిపి, చూపు కొంచెము క్రిందికి వాలునట్లు అమర్చిరి. అప్పుడు చిత్రపు చట్రములో ఒక ప్రక్క గోడ, మరియొక ప్రక్క దిగువనున్న అసలు వీధి కనబడును. నడుమనున్న పైకప్పు చట్రమునకు ఆవల పడిపోవును. కథానాయకుడు పైకి ప్రాకిన కొలది గోడను అంతకంటె ఎత్తయిన వేరొక మేడమీద కట్టిరి. వీధి మరింత దూరమయ్యెను.

లోతును మన కన్ను ఊరక కొలువలేదు. నడుమ ఒక పిట్టగోడయో, మెట్టో, చెట్టుకొమ్మయో ఉన్నచో వాటిని ఆనవాలుగా గొని అంచనా వేయును. ఆ ఆనవాళ్లను తొలగించినచో గోడను, వీధిని మనస్సు తానే అతికించుకొనును. కెమేరాను కొంత వెనుకకు జరిపినచో, క్రింద పరుపులు పరచిన వేదిక బయటపడును. హాలులోనివారు హాయిగా ఊపిరి పీల్చుకొందురు.

అట్లయిన ఇది వట్టి మోసమా? కొబ్బరిచిప్పలు తాటించి గుఱ్ఱపు స్వారి వినిపించు రేడియోవారము, ఆ మాట అనుటకు మాకు నోరు రాదు. పైగా, లాయిడ్ తరువాతి కాలమున చెప్పినదానినిబట్టి, ముందుగా ఒక బొమ్మను ఆ పరుపులపై జారవిడిచి చూచిరట. అది పరుపుపై పడి, ఎగిరి, వీధిలోనికి పోయెనట!

వింత మరియొకటి కలదు. దూరమునుండి తీసిన దృశ్యములలో మేడ నెక్కునది లాయిడ్ కాడు. భవనము లెక్కుటలో పేరుగన్న బిల్ స్ట్రోదర్. చిత్రములో నాయకుని మిత్రుడుగా నటించినవాడును ఆయనయే. ఆయన ఎక్కినది నిజమైన మేడ. అయినను ఆ దృశ్యములలో మనిషి బల్లియంతయే కనబడుటచేత మన గుండె అంతగా అదరదు. పరుపులున్నచోట అదరును. స్ట్రోదర్‌నకు ఇందువలన అన్యాయమే జరిగినదని మా తలంపు.

ఇక లాయిడ్ మాట. 1919లో ఫొటో తీయించుకొనుచుండగా, ఉత్తుత్తి బాంబు అనుకొన్నది చేతిలో ప్రేలి, ఆయన కుడిచేతి బొటనవ్రేలును చూపుడువ్రేలును పోయినవి. అటుపిమ్మటి చిత్రములలో అవి ఉన్నట్లు కనబడుట ప్రత్యేకముగా చేయించిన తొడుగు చలువ. ప్రేక్షకులకు ఆ సంగతి తెలియనీయలేదు. అపాయమును పెద్దదిగా చూపుటకు అంత శ్రమించినవారే, ఉన్న ఆ లోపమును మాత్రము కప్పిపుచ్చిరి. ఈసారి ఆ చిత్రము తటస్థించినచో, వీధిని కాక, ముల్లును పట్టుకొన్న ఆ కుడిచేతిని చూడుడు.