బడి ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేయకండి

పోయిన ఎపిసోడ్‌లో పిల్లల టిఫిన్ బాక్సుల గురించి మాట్లాడుకున్నాం. కింద చాలామంది ఒకటే అడిగారు. "సిస్టర్, బడిలో నర్సు ఉంటే మాకేం లాభం? దెబ్బ తగిలితే పసుపు రాసేది టీచరు కూడా రాస్తుంది కదా" అని. నిజమే, రాస్తుంది. ఈరోజు దాని గురించే చెప్తాను.

నేను మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ళల్లో కలిపి పద్దెనిమిదేళ్ళు బడి నర్సుగా చేశాను. ఇప్పుడు చెప్పబోయేది ఏ ఊరో, ఏ బడో చెప్పను. మూడింట్లో ఒకటి అనుకోండి.

ఏడో తరగతి అమ్మాయి. పొద్దున ప్రార్థనలో నిలబడి ఉన్నది ఉన్నట్టే పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటా ఉంది, నోట్లో నురగ. నేను పరిగెత్తుకుంటా పోయేసరికి పీటీ సారు చేతిలో తాళాల గుత్తి పెట్టేశాడు. ఇంకొకాయన స్పూను తెచ్చి పళ్ళ మధ్యన దూర్చాలని చూస్తా ఉన్నాడు. ఇద్దరూ మంచోళ్ళే, బిడ్డ మీద ప్రేమతోనే చేశారు. కానీ ఆ స్పూనుకి ముందు పన్ను ఒకటి విరిగిపోయింది. ఆ ముక్క గొంతులోకి పోయుంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

స్పూను లాగేసి, అమ్మాయిని పక్కకి తిప్పి పడుకోబెట్టాను. తల కింద ఒక పిల్లవాడి బ్యాగు పెట్టాను. గడియారం చూసుకుంటా కూర్చున్నాను. రెండు నిమిషాల్లో తగ్గింది. తర్వాత పీటీ సారు, "తాళాలు పెడితేనే కదా సిస్టర్ ఆగింది" అన్నాడు. లేదు సార్, చాలావరకు ఫిట్స్ వాటంతట అవే ఆగుతాయి. మనం తాళాలు వెతికి తెచ్చే లోపల దాని టైం అయిపోతుంది, పేరు తాళాలకి వస్తుంది. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి మొదలైనా ఇంక చూడకూడదు, 108కి ఫోన్ కొట్టాలి. మొదటిసారి వచ్చిన ఫిట్స్ అయితే ఎంతసేపున్నా ఆస్పత్రికి తీసుకుపోవాలి. బిడ్డను గట్టిగా అదిమి పట్టుకోకూడదు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో నీళ్ళు కూడా పోయకూడదు.

ఇంక ఇంటికి ఫోన్ చేయాలి కదా. ఫారంలో ఉన్న మొదటి నంబరు స్విచాఫ్. రెండోది ఒక అంగడిది, ఆయన ఎవరో "వాళ్ళు ఆ ఇల్లు ఖాళీ చేసి రెండేళ్ళాయె" అన్నాడు. చివరికి అమ్మాయే తేరుకుని వాళ్ళమ్మ నంబరు చెప్పింది. ఆమె ఆటోలో వచ్చింది. నన్ను పక్కకి పిలిచి మెల్లగా, "సిస్టర్, మూడేళ్ళ నించి మాత్రలు వాడతా ఉండాది. వాళ్ళ నాయన బెంగళూరు నించి తెచ్చేది, ఈ వారం ఆయన రాలే. రెండు దినాలుగా మాత్రలు లేవు. ఎవరికీ చెప్పాకండి" అంది.

నేను ఫారం తీసి చూశాను. "దీర్ఘకాలిక జబ్బులు ఏమైనా ఉన్నాయా" అన్న చోట "లేవు" అని రాసుంది. కోపం వచ్చింది నాకు. కసురుకున్నాను కూడా, "ఇట్లాంటిది దాచిపెడతారా అమ్మా" అని. ఆమె చెప్పిన మాట విన్న తర్వాత నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఆ పొద్దు ఆఫీసు కాడ వరసలో నిలబెట్టి రాయించినారు. నా ఎనకాల మా ఊరోళ్ళే నలుగురు ఉండారు. ఆడబిడ్డ. దాంట్లో ఫిట్స్ అని ఎట్లా రాసేది?"

ఆమె దాచింది తప్పే. కానీ ఆమెను దాచేటట్టు చేసింది మా వరస. అది నాకు అప్పటిదాకా తట్టలేదు. తర్వాతి సంవత్సరం నుంచి ఆరోగ్యం ఫారం ఇంటికే పంపించి, కవరు అంటించి నాకే ఇమ్మన్నాను. ఎంతమంది రాశారనుకుంటున్నారు? ఆస్తమా, గుండెలో రంధ్రం ఆపరేషన్, పక్క తడపడం, ఇంట్లో ఒకరికి టీబీ... ముందు ఏడాది ఇవే ఫారాల్లో అన్నీ "లేవు" అనే ఉండేవి.

టీబీ అంటే గుర్తొచ్చింది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది కదా, 1915 నుంచి క్షయ రోగులకు వైద్యం చేసిన చోటు. మన దేశంలో బీసీజీ టీకా మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి, 1948లో. అట్లాంటి ఊళ్ళో కూడా ఇంట్లో తాతకు టీబీ ఉందని బడికి చెప్పడానికి జనం ఇప్పటికీ భయపడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ చెప్తేనే కదా ఆ బిడ్డకి కూడా పరీక్ష చేయించేది.

బడి నర్సు అనే ఉద్యోగం ఎట్లా పుట్టిందో తెలుసా? 1902లో న్యూయార్క్‌లో పిల్లలకి కంటి జబ్బు ఉందనీ, తామర ఉందనీ, పేలు ఉన్నాయనీ బడి నుంచి ఇంటికి పంపించేసేవాళ్ళు. ఇంటికి పోయినవాళ్ళకి మందు ఇచ్చేవాళ్ళు లేరు, వీధుల్లో తిరిగేవాళ్ళు. లీనా రోజర్స్ అనే నర్సును కొన్ని బడుల్లో పెట్టి చూశారు. ఆమె బడిలో కట్టు కట్టి, సాయంత్రం వాళ్ళ ఇళ్ళకి పోయి అమ్మలతో మాట్లాడింది. పిల్లలు మళ్ళీ బడికి వచ్చారు. అందుకని నర్సు పని అంటే పసుపు రాయడం కాదండి, ఇంటికీ బడికీ మధ్యన ఉండడం.

మన దగ్గర అన్ని బడుల్లోనూ నర్సు ఉండదు, ఆ సంగతి తెలుసు. గవర్నమెంటు బడులకి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాల లోపం, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం చూస్తారు. ఆ పరీక్ష తర్వాత పిల్లల చేతికి ఒక చీటీ ఇస్తే, దయచేసి దాన్ని బ్యాగు అడుగున కుళ్ళనీయకండి. పెద్దాస్పత్రికి పొమ్మని రాసుంటే, బిడ్డ ఆడుకుంటా కనిపించినా పోవాలి.

ఐరన్ మాత్రల మీద చాలా ఫోన్లు వస్తాయి. వారానికొకటి ఇచ్చేవి, చిన్నపిల్లలకి గులాబీ రంగు, పదేళ్ళు దాటినవాళ్ళకి నీలం రంగు. "అవి మింగితే మా పాపకి దొడ్డికి నల్లగా అయితాది" అంటారు. అవుతుంది, దానికి భయపడాల్సిన పని లేదు. ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పుతుంది, అన్నం తిన్నాక వేసుకోవాలి. వెంటనే టీ మాత్రం వద్దు, టీ తాగితే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. మన సంగటి, చెనక్కాయ ఉంటలు, ఆకుకూర మంచివే. కానీ రక్తం బాగా తగ్గిన పిల్లకి అవి మాత్రమే చాలవు. మాత్ర వేసుకోకుండా కిటికీలోంచి పారేసిన పిల్లల్ని నేను చూశాను, కిటికీ కింద నీలం రంగు చూసి పట్టుకున్నాను! పదేళ్ళకీ పదహారేళ్ళకీ టీడీ టీకా ఉంటుంది, అది కూడా మర్చిపోతారు.

ఇంక ఫోన్ నంబర్లు. కుప్పంలో చాలామంది తల్లిదండ్రులు తెల్లవారే రైలెక్కి బెంగళూరు పనికి పోతారు. మదనపల్లెలో టమోటా మండీలో పని చేసేవాళ్ళకి ఆ రొదలో ఫోన్ వినపడదు. తప్పేం లేదు, బతకాలి. అయితే పగలు ఊళ్ళోనే ఉండి, పదిహేను నిమిషాల్లో బడికి రాగలిగేవాళ్ళ నంబరు ఒకటి రాయండి. అవ్వ కావచ్చు, పక్కింటామె కావచ్చు. ఆమెకి ఆ సంగతి ముందే చెప్పండి. నంబరు మార్చిన రోజే బడికి కూడా చెప్పండి.

ఫారం ఆఫీసు ముందరే నింపమంటే, "ఇంటికి తీసుకుపోయి రాసిస్తాను సార్" అనండి. ఏం కాదు. మీ బడిలో నర్సు లేకపోతే క్లాసు టీచరుకి విడిగా చెప్పండి. బిడ్డకి ఫిట్స్ ఉంటే ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో ఒక కాగితం మీద రాసివ్వండి. మాత్రలు వారానికి సరిపడా మిగిలి ఉండగానే మళ్ళీ తెచ్చుకోండి. ఒక్క పూట కూడా మీ అంతట మీరు ఆపకండి.

ఆ అమ్మాయికి పన్ను కట్టించారు. మాత్రలు సరిగ్గా వాడింది, నా దగ్గర ఉన్నన్ని రోజులూ మళ్ళీ ఫిట్స్ రాలేదు. పదో తరగతి పరీక్షలప్పుడు వాళ్ళమ్మ మళ్ళీ వచ్చింది, "పరీక్ష హాల్లో సార్‌కి మీరే చెప్పండి సిస్టర్" అని. ఈసారి గట్టిగానే అడిగింది, పక్కన మనుషులున్నా.

మీ పిల్లల బడిలో ఆరోగ్యం ఫారం ఎట్లా తీసుకుంటున్నారో కింద రాయండి. బిడ్డ పేరు, జబ్బు మాత్రం అక్కడ రాయకండి, అందరూ చదువుతారు. వచ్చే వారం పేల గురించి చెప్తాను, నవ్వకండి, దానికీ చాలా ఉంది. ఉంటానండి.