విచారణ లేని శిక్ష: క్రీడాతారలు, దర్యాప్తు నివేదికలు

పటాన్‌చెరు పరిసర గ్రామాల పిల్లలకు ఏళ్ల తరబడి కబడ్డీ నేర్పిన ఒక వ్యాయామోపాధ్యాయుని పేరిట లక్డారంలో ఏర్పాటైన స్మారకోపన్యాసమిది. అవతలి పక్షం మాట వినకుండా ఏ పిల్లవాణ్నీ బరి బయటికి పంపని ఆయన పట్టుదలే, క్రీడాతారలకు సరైన విచారణ దక్కుతోందా అన్న ఈ ఉపన్యాస విషయానికి అవసరం.

డోపింగ్, అంటే నిషిద్ధ ఉత్ప్రేరకాల వాడకం, దానికి తోడు అబద్ధపు సాక్ష్యం: ఈ రెండింటిలో ప్రాసిక్యూటర్లు పేరున్నవారినే వేటాడుతున్నారన్న వాదం అమెరికాలో పుట్టింది. క్రీడాకారులకు ఉత్ప్రేరకాలు సరఫరా చేసిన బాల్కో అనే అమెరికా సంస్థ వ్యవహారంలో 2003లో గ్రాండ్ జ్యూరీ ముందు సాక్ష్యమిచ్చిన బేస్‌బాల్ ఆటగాడు బ్యారీ బాండ్స్‌పై న్యాయవిచారణకు అడ్డుపడ్డాడని పడిన శిక్షను 2015లో అప్పీలు కోర్టు కొట్టివేసింది. మరో బేస్‌బాల్ ఆటగాడు రోజర్ క్లెమెన్స్ అబద్ధపు సాక్ష్యం కేసులో 2012లో నిర్దోషిగా బయటపడ్డాడు. పరుగు క్రీడాకారిణి మారియన్ జోన్స్ మాత్రం నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లింది. అంత పేరులేని సైక్లిస్టు టామీ థామస్, కోచ్ ట్రెవర్ గ్రాహం కూడా అక్కడ దోషులుగా తేలారు కనుక ఆ వాదం సగమే నిజం. పైగా అక్కడ ఫెడరల్ అధికారికి ప్రమాణం లేకుండా చెప్పిన అబద్ధమూ నేరమే. మన దేశంలోనైతే పోలీసులకిచ్చే వాంగ్మూలానికి ప్రమాణం ఉండదు, కోర్టులో ఇచ్చిన అబద్ధపు సాక్ష్యంపై కేసు నడవాలన్నా సాధారణంగా ఆ కోర్టే ఫిర్యాదు చేయాలి.

అందువల్ల తెలుగునేలకు సంబంధించిన అసలు ప్రశ్న వేరు: విచారణే లేకుండా పడే శిక్ష. హైదరాబాదుకు చెందిన మహమ్మద్ అజహరుద్దీన్ 99 టెస్టులాడిన భారత సారథి. 2000 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా సారథి హాన్సీ క్రోన్యే మ్యాచ్‌ఫిక్సింగ్ వ్యవహారం ఢిల్లీ పోలీసుల ద్వారా బయటపడిన తర్వాత సీబీఐ విచారించి, అదే ఏడాది ఇచ్చిన నివేదికలో అతడు మ్యాచ్‌ఫిక్సింగ్‌ను అంగీకరించాడని రాసింది. అయితే అప్పటి చట్టాల కింద క్రిమినల్ కేసు నిలవడం కష్టమని కూడా చెప్పింది. క్రికెట్ బోర్డు తన కమిషనర్ కె. మాధవన్ నివేదికను కూడా తీసుకుని 2000 డిసెంబరు 5న జీవితకాల నిషేధం విధించింది. కింది కోర్టు దాన్ని సమర్థించగా, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరు 8న అది చట్టం ముందు నిలవదని రద్దు చేసింది. ఆ నాటికి అతడి వయసు 49. న్యాయం దొరికినా ఆడే వయసు తిరిగిరాలేదు.

ఇక్కడ ప్రాసిక్యూటర్ అతణ్ని వెంటాడలేదు. ప్రాసిక్యూటర్ రంగంలోకి రాకపోవడమే అతడికి చేటు చేసింది. భారత సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితునిపై రుజువుగా వాడరాదు. ఆ రక్షణ ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లో ఉంది. కోర్టు గడప దాటలేని అలాంటి మాట బోర్డు గదిలోకి మాత్రం ఏ అడ్డూ లేకుండా వెళ్లి, జీవనోపాధిని తీసివేయగలిగింది. క్లెమెన్స్‌కు నిర్దోషినని తేల్చుకునే అవకాశం విచారణే ఇచ్చింది. అజహరుద్దీన్‌పై విచారణే లేదు కాబట్టి నిర్దోషిత్వమూ నేరమూ రెండూ తేలలేదు.

దీనికి ఎదురువాదం బలమైనదే. క్రమశిక్షణ చర్యకు క్రిమినల్ కేసుకు కావలసినంత రుజువు అక్కరలేదనీ, క్రిమినల్ కోర్టు 2015లో విడుదల చేసిన క్రికెటర్ శ్రీశాంత్‌పై బోర్డు చర్య తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2019 మార్చిలో అంగీకరించిందనీ చెబుతారు. అయితే ఆ తీర్పే శిక్ష పరిమాణాన్ని తిరిగి పరిశీలించమంది, తర్వాత నిషేధం ఏడేళ్లకు తగ్గింది. రుజువు స్థాయి తగ్గవచ్చునన్న సూత్రం, రుజువును పరీక్షించకుండానే వదిలేయవచ్చునన్న సూత్రం కాదు. బోర్డు ప్రజావిధులు నిర్వహిస్తుందని 2015లో సుప్రీంకోర్టు తేల్చాక, ఇది సొంత సంఘం లోపలి వ్యవహారమన్న సమర్థన కూడా చెల్లదు.

రుజువును పరీక్షించకుండా శిక్ష పడే ప్రమాదం డోపింగ్‌లో ఇంకా ఎక్కువ. ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి ప్రకారం నమూనాలో నిషిద్ధ పదార్థం కనబడితే చాలు, ఉద్దేశం రుజువు చేయకుండానే ఉల్లంఘన నిలుస్తుంది. ఉద్దేశం శిక్ష కాలాన్ని తేల్చేటప్పుడే లెక్కకు వస్తుంది. జాతీయ డోపింగ్ నిరోధక చట్టం 2022లో వచ్చినా, రెండో నమూనాను పరీక్షించమని కోరే హక్కు, చికిత్సకు ముందే మినహాయింపు పొందే మార్గం ఉన్నాయని పారిశ్రామికవాడలో షిఫ్టు ముగించుకుని బరువులెత్తే యువకుడికి తెలుగులో చెప్పేవారు అరుదు. తారకు న్యాయవాది దొరుకుతాడు. ఇతడికి నోటీసు అర్థం చెప్పే మనిషి కూడా దొరకడు. అందుకే ఉపన్యాసకుడు ఇప్పుడు సంకలనం చేస్తున్న తెలుగు న్యాయ కరదీపికలో నోటీసు నుంచి అప్పీలు వరకు ప్రతి దశనూ సరళంగా వివరించే ప్రయత్నం జరుగుతోంది.

ఆ పనికి ఆధారమైన ప్రతిపాదన మూడు మాటల్లో ఇమిడేది: ఏ క్రీడాసంఘమైనా దర్యాప్తు నివేదిక ఆధారంగా శిక్ష వేసేముందు వాంగ్మూల ప్రతిని క్రీడాకారుడికి ఇవ్వాలి, దాన్ని నమోదు చేసిన అధికారిని ప్రశ్నించనివ్వాలి, నిర్ణయానికి కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. వీటిని పాటించి వేసిన శిక్ష ఎంత కఠినమైనా సమర్థనీయమే. పాటించకుండా వేసిన శిక్ష దోషిపై పడినా అన్యాయమే.