కార్తేజి చిత్రములలో పేరున్నవారు, పేరులేనివారు
(శతాబ్ది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంచిక కొరకు కొన్ని నెలలుగా మేము ఇంటింటికి తిరిగి పాత ఫోటోలు సేకరిస్తున్నాము. ఆ పనిలో ఉండగానే ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి పట్టణపు ప్రాచీన చిత్రములను గూర్చి మాట్లాడమని మమ్మును అడిగారు. మా ఫోటోలకు, ఆ చిత్రములకు పొత్తేమిటి అని మొదట అనుకున్నాము. చదివిన కొలది పొత్తు ఉన్నదని తెలిసినది.

కార్తేజి నేటి టునీషియా దేశ రాజధాని టునిస్ పక్కన, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్నది. మన బైబిలులో చదివే తూరు పట్టణపువారే వెళ్ళి దానిని స్థాపించారు. అది క్రీ.పూ. 814లో జరిగినదని పూర్వుల మాట. కార్తేజి అనగా వారి భాషలో "క్రొత్త పట్టణము" అని అర్థము. క్రీ.పూ. 146లో రోమీయులు దానిని కాల్చి నేలమట్టము చేశారు. ఆ నేలలో ఉప్పు చల్లారని మనలో చాలమంది విన్నాము. కాని ప్రాచీన రచయితలెవ్వరూ ఉప్పు మాట వ్రాయలేదు. అది ఎంతో కాలము తరువాత చేరిన కథ. రోమీయులే మరల అక్కడ పట్టణము కట్టి, తమ ఆఫ్రికా రాష్ట్రమునకు దానిని ముఖ్యపట్టణముగా చేసుకున్నారు.

కార్తేజి చిత్రములు అనగానే లోకము తలచుకొనేది ఇంగ్లండు చిత్రకారుడు టర్నరు వేసిన పటములను. 1815లో డైడో రాణి ఆ పట్టణమును కట్టించుటను, 1817లో దాని క్షీణదశను ఆయన చిత్రించారు. మొదటిదానిలో ఉదయపు వెలుగు, ఎత్తయిన మేడలు, నీటి ఒడ్డున ఆటపడవలు వదిలే పిల్లలు. రెండవదానిలో అస్తమించే సూర్యుడు. చూడ చక్కని పటములే. అయితే టర్నరు ఎన్నడూ ఆఫ్రికా తీరమును చూచినవాడు కాదు. పాత కావ్యములు, పూర్వపు చిత్రకారుల పటములు ఆధారముగా ఊహించి వేశారు.

అక్కడ నివసించినవారే చేయించుకొన్న చిత్రములు మట్టిలో దొరికాయి. మన ఇండ్లలో మొజాయిక్ నేల వేయించుకొంటాము గదా. వారు చిన్న చిన్న రంగురాళ్ళను సున్నములో పొదిగి నేలమీదనే బొమ్మలు తీర్చేవారు. కార్తేజిలో దొరికిన అట్టి నేల ఒకటి టునిస్‌లోని బార్దో మ్యూజియంలో ఉన్నది. అది సుమారు 1600 ఏండ్ల నాటిది. నడుమ బురుజులున్న పెద్ద లోగిలి. ఒక మూల ఒలీవ చెట్లను కొట్టి కాయలు రాల్చేవారు, బాతులు తెచ్చేవారు. మరొక మూల మందను కాచే కాపరి. క్రింది వరుసలో దొరసాని అద్దము చూచుకొంటూ ఉంటే దాసి నగలు అందిస్తున్నది. దొర కూర్చుండి చీటి అందుకొంటున్నాడు. ఒకడు కుందేలును, ద్రాక్షపండ్ల గంపను తెచ్చి నిలిచాడు. నాలుగు ఋతువులలోను రైతులు తెచ్చిన కానుకలే ఆ చిత్రమంతా. ఆ చీటి మీద దొర పేరు, జూలియస్ అని ఉన్నది. తెచ్చి ఇచ్చేవారిలో ఎవ్వరి పేరూ లేదు.

ఇప్పుడు ఇంకొక చిత్రమును చూద్దాము. క్రీ.శ. 203 మార్చి 7న కార్తేజి క్రీడాస్థలములో కొందరు క్రొత్త విశ్వాసులను మృగముల ఎదుటికి త్రోశారు. వారిలో పెర్పెతువా మంచి కుటుంబపు స్త్రీ, సుమారు 22 ఏండ్లది, చంటిబిడ్డ తల్లి. చెరసాలలో ఆమె స్వయముగా వ్రాసుకొన్న మాటలు నేటికి నిలిచి ఉన్నాయి. ఫెలిసిటా బానిస. ఆమె చెరసాలలోనే ఆడబిడ్డను కన్నది. ఆ దినమున వారిని ఎదురుగా చూచి ఎవరైనా వేసిన బొమ్మ ఏదీ మనకు రాలేదు. కాని 6వ శతాబ్దములో ఇటలీలోని రవెన్నా పట్టణపు దేవాలయపు గోడమీద రంగురాళ్ళతో కన్యకల వరుస ఒకటి తీర్చారు. అందులో పెర్పెతువా, ఫెలిసిటా పక్కపక్కనే నడుస్తున్నారు. అందరివలెనే వారిద్దరి చేతులలోను కిరీటములు. ఇద్దరి తలలపైని పేర్లు ఒకే విధమైన అక్షరములలో ఉన్నాయి. కార్తేజిలో కూడ 1907లో త్రవ్వకాలు జరిపిన ఒక ఫ్రెంచి గురువుకు వారి పేర్లున్న రాతిపలక ముక్కలు ముక్కలుగా దొరికినది. జూలియస్ ఇంటి నేలలో దాసికి పేరు లేదు. సంఘము చేయించిన చిత్రములో దాసికి పేరున్నది. ఇంతకంటే మేము చెప్పవలసిన వ్యాఖ్యానము లేదు.

ఆ సంఘము చిన్నది కాదు. సిప్రియన్ బిషప్పు 258లో అక్కడనే హతసాక్షి అయ్యారు. అగస్టీన్ అక్కడ చదివారు. మన చేతిలోని క్రొత్త నిబంధనలో ఉన్న 27 పుస్తకముల పట్టికను 397లో అక్కడి సభ ఒప్పుకున్నది. అయితే ఆ సంఘము నిలువునా చీలినది. 411లో జరిగిన వాదసభకు రెండు పక్షముల బిషప్పులు కలిసి 500 మందికి పైగా వచ్చారట! తరువాత 439లో వాండలులు, 533లో బైజాంటియమువారు, 698లో అరబ్బులు పట్టణమును పట్టుకున్నారు. 1076లో ఏడవ గ్రెగరీ పోపు, ఒక బిషప్పును అభిషేకించుటకు కావలసిన ముగ్గురు బిషప్పులైనా ఆఫ్రికాలో లేరని లేఖ వ్రాయవలసి వచ్చినది. ఆ దేవాలయములు నేడు పునాదులు, విరిగిన స్తంభములు మాత్రమే. పేర్లు మిగిలాయి.

ఇక మన ఫోటోల సంగతి. మేము సేకరించినవాటిలో ఒకటి పాత బోర్డింగు బడి ఎదుట తీసినది. కుర్చీలలో దొరలు, దొరసానులు. వారి పేర్లు వెనుక చక్కగా సిరాతో వ్రాసి ఉన్నాయి. నిలబడినవారు ఉపదేశకులు, బైబిలు స్త్రీలు, వంటమనిషి, బండి తోలేవాడు. వారి పేర్లకు బదులు "స్వదేశీయులు" అన్న ఒక్క మాట ఉన్నది. నడిచి పల్లె పల్లెకు సువార్త మోసినది వారే. ఇది ఎవరినో తప్పుపట్టుటకు చెప్పుట లేదు. నిన్నమొన్న మనమే తీయించుకొన్న సంఘ ఫోటోల వెనుక చూచినాము. అక్కడ ఆ ఒక్క మాట కూడా లేదు.

అందుచేత మా మనవి ఒక్కటే. పెద్దలారా, మీ పెట్టెలలోని ఫోటోలను తీసి, పక్కన పిల్లలను కూర్చోబెట్టుకొని, ఎవరెవరో చెప్పి వ్రాయించండి. వెట్టి చేసిన తాతకు, గంట కొట్టిన మామకు, మంత్రసాని పని చేసిన అవ్వకు కూడా పేరు వ్రాయించండి. పేరు తెలిసినవారు మన మధ్య ఉండగానే ఈ పని కావాలి. ఆలస్యము చేస్తే మన మనుమలకు మిగిలేది జూలియస్ ఇంటి నేల వంటి చిత్రమే.